లైవ్ షోకి ప్యాడ్ల గ్రిడ్డా, నాబ్‌లూ ఫేడర్లా?

ల్యాప్‌టాప్‌లోని సంగీత సాఫ్ట్‌వేర్‌ను చేతులతో నడిపే పరికరం, అంటే కంట్రోలర్ కొనాలంటే, ఎలక్ట్రానిక్ సంగీతం లైవ్‌లో వాయించేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వేదిక మీద మీ చేతులు ఎక్కువసేపు ఏం చేస్తాయి? క్లిప్‌లు (ముందే సిద్ధం చేసుకున్న సంగీతం ముక్కలు) మొదలుపెడతాయా, వినిపిస్తున్న శబ్దాన్ని మలుస్తాయా?

మొదటిదైతే నోవేషన్ లాంచ్‌ప్యాడ్ లాంటిది సరిపోతుంది. 8 వరుసల్లో 64 ప్యాడ్లు, అంటే నొక్కే బటన్లు. ఏ క్లిప్ నడుస్తోందో, ఏది సిద్ధంగా ఉందో రంగు దీపాలే చెబుతాయి కాబట్టి ల్యాప్‌టాప్ వైపు చూడక్కర్లేదు. చీకటి వేదిక మీద అది చాలా పెద్ద సాయం.

రెండోదైతే అదే కంపెనీ లాంచ్ కంట్రోల్ ఎక్స్‌ఎల్: 24 నాబ్‌లు (తిప్పేవి), 8 ఫేడర్లు (పైకీ కిందికీ జరిపేవి). ఫిల్టర్‌ను (శబ్దంలో కొన్ని స్థాయిలను ఆపేదాన్ని) మెల్లగా తెరుస్తూ, ఇంకో చేత్తో బేస్ తగ్గించడంలో ఉన్న ఆనందం ప్యాడ్లతో రాదు. కానీ ఒక చిక్కుంది. మామూలు మిడి (సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) నాబ్ 0 నుంచి 127 వరకు విలువలు పంపుతుంది. పాట మారినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో విలువ 100 దగ్గర, నాబ్ 20 దగ్గర ఉంటే, కాస్త తిప్పగానే శబ్దం ఒక్కసారిగా పడిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో పికప్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. నాబ్ ఆ విలువను దాటేదాకా ఏమీ మారదు. ఆగకుండా తిరిగే నాబ్‌లైన ఎన్‌కోడర్లలో ఈ టెన్షనే తక్కువ.

రెండూ కలిపి కావాలంటే అకాయ్ ఏపీసీ40 ఉంది, కానీ బ్యాగులో చోటు ఎక్కువ తీసుకుంటుంది.

ఒక్కటే కొనగలిగితే నా ఓటు నాబ్‌లకే. క్లిప్‌లను కంప్యూటర్ కీలతోనైనా నడపొచ్చు, ఫిల్టర్‌ను మౌస్‌తో అంత చక్కగా తిప్పలేం.