మిరియం బోను: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా కుక్క మిరియం కోసం నేను కొన్నది 42 అంగుళాల ఇనప కడ్డీల బోను. మడిస్తే సూట్‌కేసులా పలచగా అవుతుంది. విప్పితే రెండు తలుపులు, అడుగున నల్ల ప్లాస్టిక్ ట్రే. 2023 జులైలో ఆన్‌లైన్‌లో ఐదు వేల ఆరు వందలు పెట్టి తెప్పించాను. అప్పటికి మిరియం ఐదు నెలల పిల్ల. నల్ల లాబ్రడార్, ఆడది. బోనులో ఓ మూల ముడుచుకుని పడుకుంటే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

బోను ఇంటికొచ్చిన రోజు మా అమ్మ చూసి, "ఏందబ్బయా ఇది, కోళ్లు పెంచుతావా?" అంది. కుక్కకని చెప్పాను. "నోరు లేని దాన్ని జైల్లో పెడితే పాపం తగుల్తుంది నాయనా" అని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మాది కోవూరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు మా వీధి వాళ్లం నలుగురం ట్యూబులు, తాళ్లు పట్టుకుని తిరిగాం. చేసిన పని తక్కువ, పడిన కంగారు ఎక్కువ. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి మన ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు తీసుకెళ్లిన రోమియో, జూలీ అనే కుక్కలు నూర్దాగిలో శిథిలాల కింద ఆరేళ్ల పాప ఉన్న చోటు పట్టుకున్నాయని టీవీలో చూశాక, మనమూ ఒక కుక్కను తయారుచేస్తే ఎలా ఉంటుంది అనిపించింది. అదే నెలలో పుట్టిన పిల్లను తెచ్చుకున్నా. ఇప్పటిదాకా మమ్మల్ని నిజమైన వెతుకులాటకు ఎవరూ పిలవలేదు, అది దాచను. సమీక్ష రాస్తున్నది బోను గురించే, మా ఘనకార్యాల గురించి కాదు.

మొదటి మూడు వారాలు బోను తలుపు మూయలేదు. అన్నం గిన్నె లోపలే పెట్టేవాడిని. మధ్యాహ్నం పూట ఉడికించిన కార్జం ముక్క ఒకటి వెనక మూలకు విసిరి నా పని నేను చూసుకునేవాడిని. నాలుగో వారంలో తలుపు వేసి పక్కనే కూర్చుని పేపరు చదివాను. తప్పు చేసినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా అందులోకి తోయలేదు. ఆ ఒక్క నియమం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను, మా అబ్బాయి ఒకసారి మీరితే బాగా తిట్టాను. ఆరు నెలలు నిండేసరికి మిరియం తనంతట తానే వెళ్లి అందులో పడుకునేది. అమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు గానీ, పాత చీర ఒకటి మడిచి లోపల పరిచింది.

ఇంట్లో వాడినంత కాలం ఇది మామూలు వస్తువే. దాని విలువ తెలిసింది మనిషిని రాళ్ల మధ్య దాచి కుక్కతో వెతికించే శిక్షణ క్యాంపులో.

క్యాంపు అసలు 2023 డిసెంబరులో అనుకున్నారు. మిచాంగ్ తుపాను వచ్చిపడటంతో సంక్రాంతి అయ్యాకకి మార్చారు. చీమకుర్తి అవతల ఒక మిత్రుడి తోట. ఆ చుట్టుపక్కల గెలాక్సీ గ్రానైటు తీసిన తర్వాత పనికిరాని రాళ్లు కొండల్లా పోసి ఉంటాయి కదా, కూలిన ఇల్లు ఎలా ఉంటుందో కుక్కకు నేర్పడానికి అంతకంటే దగ్గరి పోలిక మనకు దొరకదు. నడిపించినాయన రిటైరైన సుబేదారు గారు, గిద్దలూరు వైపు మనిషి. మొత్తం పద్నాలుగు కుక్కలు, మూడు రోజులు.

నేనేమనుకున్నానంటే, మూడు రోజులూ పొద్దస్తమానం కుక్క పరిగెడుతూనే ఉంటుందని. మొదటి రోజు లెక్క రాసుకున్నా. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మిరియం పని చేసింది నాలుగు విడతలు, అన్నీ కలిపి ముప్పై ఒక్క నిమిషం. మిగతాదంతా ఎదురుచూపే. ఆ ఎదురుచూపు ఎలా గడిచింది అన్నదాన్ని బట్టే ఆ ముప్పై ఒక్క నిమిషం ఎలా ఉంటుందో తేలిపోతుంది.

మా పక్కన ఒంగోలు నుంచి వచ్చిన ఒకాయన తన జర్మన్ షెపర్డును వేపచెట్టుకు కట్టేశాడు. మంచి చురుకైన కుక్క. కానీ పదమూడు కుక్కలు తన ముందే పరిగెడుతూ, మొరుగుతూ, బంతి గెలుచుకుంటూ ఉంటే చూస్తూ ఉండాలి. ఏడాది వయసు కుక్కకు అంతకంటే హింస ఉండదు. మొరిగి మొరిగి, తాడు చెట్టుకు చుట్టుకుని, పల్లేరు ముళ్లు కాళ్లకు గుచ్చుకుని, తన వంతు వచ్చేసరికి నాలుక గడ్డం కిందికి వేలాడుతోంది. దాక్కున్న మనిషి పక్కనుంచే దాటిపోయింది. సుబేదారు గారు దాన్ని ఒక్క మాట అనలేదు. నా బోను వైపు చూపించి, "అన్నా, రేపు అట్లాంటిది ఎక్కడన్నా అడిగి తెచ్చుకో" అన్నారంతే.

మిరియం బోనుకు మూడు వైపులా దుప్పటి కప్పి ఉంచాను. నిద్రపోయింది. తలుపు తీసేసరికి అప్పుడే పొద్దు పొడిచినట్టు లేచి వచ్చేది.

బోను ఎక్కడ పెట్టాలి అనేది కూడా అక్కడే నేర్చుకున్నా. గాలిలో వచ్చే మనిషి వాసన పట్టి వెతికే కుక్కలివి. గాలి ఎటు పోతుందో చూడటానికి సుబేదారు గారు టాల్కమ్ పౌడర్ డబ్బా నొక్కుతూ తిరిగేవారు. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు గట్టు మీద దాక్కున్న మనిషి వాసన కిందికి జారి గుంత అడుగున పేరుకుంటుంది. కుక్క గుంతలో దిగి గిరగిరా తిరుగుతుంది, మనిషి మాత్రం పైన ఉంటాడు. పది దాటి రాళ్లు వేడెక్కాక అంతా తిరగబడుతుంది, కింద ఉన్నవాడి వాసన పైకి ఎగబాకుతుంది. మిరియం గట్టు అంచున నిలబడి శూన్యంలోకి మొరిగితే నాకు దానికి మతిపోయిందేమో అనిపించింది. "దానికి పోలేదు, నీకే పోయింది. కిందికి చూడు" అన్నారాయన. కింద పన్నెండు అడుగుల లోతులో, రాయి వెనక మనిషి ఉన్నాడు.

అందుకని బోను ఎప్పుడూ వెతికే చోటికి గాలి వచ్చే వైపు పెట్టాలి. గాలి పోయే వైపు పెడితే దాక్కున్నవాడి వాసన ముందే దాని ముక్కుకు వచ్చేస్తుంది, బోనులో ఉండి ఆరాటపడి అలిసిపోతుంది. పరీక్ష పేపరు ముందురోజే చదివినట్టు కూడా అవుతుంది. మొదటి రోజు నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. రెండో విడత అది ఇరవై సెకన్లలో మనిషిని పట్టేస్తే నేను ఎగిరి గంతేశాను, తర్వాత కారణం చెప్పేసరికి గాలి తీసినట్టయింది.

పదకొండు నెలల పిల్లకు కీళ్లు ఇంకా గట్టిపడవని పెద్ద రాళ్ల మీంచి దూకనివ్వలేదు. దిగేటప్పుడు చేత్తో పట్టుకుని దించాం. ఇది చాలామంది ఒప్పుకోరు, ఫొటోలో దూకుడు కనబడాలి కదా.

ఇక బోను లోపాలకు వస్తా. చాలా ఉన్నాయి.

ఒకటి, చప్పుడు. కోవూరు నుంచి చీమకుర్తికి మూడు గంటల ప్రయాణం. హైవే మీద పరవాలేదు గానీ ఒంగోలు దాటాక స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వ్యాన్‌లో గిన్నెల కొట్టు కూలినట్టు ఉండేది. సైకిల్ ట్యూబు ముక్కలుగా కోసి కడ్డీలు కలిసే చోటల్లా చుట్టాను, ఇప్పుడు నోరు మూసుకుంది.

రెండు, తుప్పు. పైన నల్ల పూత బాగానే కనబడుతుంది కానీ వెల్డింగ్ చుక్కల దగ్గర ఏడాదికే ఎర్రబడింది. మైపాడు తీరాన ఇసుకలో ప్రాక్టీసుకు నెలకు రెండుసార్లు వెళ్తాం, ఆ ఉప్పుగాలి ఊరికే పోనిస్తుందా? రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లకు వేసే పెయింట్ మా బావమరిది ఇచ్చాడు, రెండు పూతలు వేశాక ఆగింది.

మూడు, ట్రే. ఇది మాత్రం కంపెనీ చేసిన మోసమే అంటాను. పది నెలలకే నడిమధ్య పగిలింది, అంచు గాజుముక్కలా తేలింది. మార్చమని రాస్తే ట్రేకి వారంటీ వర్తించదన్నారు. అప్పటికి 2024 ఎన్నికలు అయిపోయాయి, ఊరినిండా ఫ్లెక్సీలు. ప్లైవుడ్ ముక్క కోయించి దానికి ఫ్లెక్సీ చుట్టేశాను. కడగడం తేలిక, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఏ నాయకుడి బొమ్మో చెప్పను, మొహం మాత్రం కిందికి తిప్పాను.

నాలుగు, గొళ్లెం. మిరియం ఏడాదిన్నర వయసులో ముక్కుతో పైకి ఎత్తి పక్కకు జరపడం కనిపెట్టింది. నేను మొదట ముచ్చటపడ్డా, వంటింట్లో అరకేజీ చికెన్ మాయమయ్యాక తాళ్లకు వాడే స్ప్రింగు కొక్కెం ఒకటి తగిలించాను.

వీటన్నిటికంటే పెద్దది మాత్రం బోను తప్పు కాదు, పూర్తిగా నాదే.

2025 మార్చిలో రెండో క్యాంపు. అదే చోటు. అప్పుడు తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్న రోజులు, కేరళ పోలీసు జాగిలాలు మాయ, మర్ఫీ వచ్చాయని క్యాంపంతా అదే మాట. (మా మేనమామ ఫోన్ చేసి "మీదాన్ని కూడా పంపకూడదా" అన్నాడు. అవి చనిపోయినవాళ్ల వాసనకు నేర్పిన కుక్కలు మామా, మనది బతికున్న మనిషి వాసనకు, ఆ చదువు వేరు ఈ చదువు వేరు అని చెప్తే నమ్మలేదు, నీకు ధైర్యం లేదన్నాడు.) ఆ కబుర్లలో పడి నేను చింతచెట్టు నీడలో పెట్టిన బోను సంగతి మర్చిపోయాను. నీడ జరిగిపోయింది. పదకొండు గంటల ఎండ, ఇనప కడ్డీలు, నల్ల కుక్క. పైగా చల్లగా ఉంటుందని తడిపిన గోతాం నాలుగు వైపులా కప్పి వెళ్లాను. అదే అన్నిటికంటే చెడ్డ పని అయింది. ఎండ తగిలి తడి ఆవిరయింది, గాలి ఆడే సందు లేదు, లోపల ఇడ్లీ పాత్రే.

వెళ్లి చూసేసరికి లేవలేదు. నాలుక ముదురు ఎరుపు, చొంగ తీగలు సాగుతోంది. థర్మామీటరు పెడితే నూట నాలుగున్నర. మామూలుగా నూట ఒకటి నుంచి నూట రెండున్నర మధ్య ఉండాలి. ఏ పనీ చేయకుండా పడుకున్న కుక్కకు అది. నేను వెంటనే ఎత్తుకుని ఒంగోలు పరిగెత్తబోయాను. సుబేదారు గారు ఆపారు. "ముందు చల్లబరచు, తర్వాత డాక్టరు." బోరు నీళ్లు పొట్ట మీద, తొడల మధ్య ధారగా పోస్తూ ఇద్దరం అట్టముక్కలతో విసిరాం. తడిగుడ్డ పైన కప్పి వదిలేయలేదు. నూట మూడుకు దిగగానే నీళ్లు పోయడం ఆపేశారు, అక్కడితో ఆపకపోతే మరీ చల్లబడిపోతుందని. ఆ తర్వాతే ఒంగోలు తీసుకెళ్లి సెలైన్ పెట్టించాం. రెండు రోజులకు మామూలు మనిషి అయింది. కుక్కను మనిషి అంటున్నానని నవ్వకండి, ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. అమ్మ మాత్రం "నే ముందే చెప్పలా" అనలేదు. ఆ మాట అన్నా బాగుండేది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. నర్సరీలకు కట్టే పచ్చ షేడ్ నెట్ బోను మీద పరచను, జానెడు ఎత్తున నాలుగు కర్రలకు కడతాను, మధ్యలో గాలి ఆడుతుంది. చార్జింగ్ ఫ్యాను ఒకటి తలుపు వైపు. దుప్పటి చల్లటి పూటే, అదీ రెండు వైపులకే. ఫోన్‌లో ఇరవై నిమిషాలకోసారి అలారం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది తర్వాత బోను ఆరుబయట పెట్టడమే మానేశాం.

మిగతా రకాల గురించి చూసినంత చెప్తా. గుడ్డతో చేసిన మడత బోనులు తేలిక, రాత్రి గదిలో పెద్ద కుక్కకు చాలు. మొదటి క్యాంపులో ఒకావిడ తెచ్చిన దాన్ని వాళ్ల పిల్లకుక్క రెండో రాత్రికే జిప్పు చించుకుని బయటికొచ్చింది. విమానాల్లో వాడే ప్లాస్టిక్ పెట్టె చప్పుడు చేయదు, మడత పడదు, మన ఎండకు గాలి చాలదు. ఇనపదే మనకు సరిపోతుంది, బరువు మోయగలిగితే. ఒక్కడినే వ్యాన్‌లోకి ఎక్కించిన ప్రతిసారీ నడుం పట్టేస్తుంది.

మళ్లీ కొంటే ఈ రకమే కొంటాను, ఈ కంపెనీది కాదు. ట్రే ఇనపరేకుదో అసలు లేనిదో చూస్తాను. పిల్లగా ఉన్నప్పుడే పెద్ద సైజు కొన్నందుకు చింత లేదు, మొదట్లో మధ్యలో అట్ట అడ్డం పెడితే సరిపోయేది, అది అప్పుడు తట్టలేదు. క్యాంపుకు వారం ముందు బోను కొని అక్కడే అలవాటు చేద్దామనుకునేవాళ్లు మాత్రం డబ్బులు మిగుల్చుకోండి. ఆ రాత్రి మీ కుక్కతో పాటు మిగతా పదమూడు కుక్కలూ నిద్రపోవు.

మూడో క్యాంపు ఈ సంక్రాంతి అయ్యాక. పక్క తలుపు కీలు ఒకటి ఊడింది, గ్రిల్ షాపులో ఇచ్చాను. నిన్న ఫోన్ చేస్తే "మీ కోళ్ల బోను రేపు సాయంత్రానికి అయిపోద్ది సార్" అన్నాడు. బోను లేక మిరియం రెండు రోజులుగా అమ్మ మంచం కింద పడుకుంటోంది.