ఓపెన్‌లో పది కట్టాలంటే: రాష్ట్రానిదా, కేంద్రానిదా?

దరఖాస్తుల కాలం వస్తే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. అడిగేది కొడుకులు, కోడళ్లు. చదవాల్సింది అత్తగారో, వదినో, ఎప్పుడో తొమ్మిదిలో బడి మానేసిన మేనమామో. అంగన్‌వాడీలో ఆయాగా ఉన్నవారు టీచర్ కావాలన్నా ముందు పది ఉండాల్సిందే కదా.

కాగితం మీద పెద్ద తేడా లేదు. కేంద్రం నడిపే జాతీయ సార్వత్రిక పాఠశాల ఎన్‌ఐఓఎస్‌లో చేరినా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సార్వత్రిక పాఠశాలల్లో చేరినా అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు. అయిదేళ్ల గడువుంటుంది, పాసైనది మళ్లీ రాయక్కర్లేదు. తెలుగులోనే రాయవచ్చు. పాస్ మార్కు కేంద్రంలో 33, ఇక్కడ 35. ఆ రెండు మార్కుల కోసం కేంద్రానికి పరుగెత్తేవారిని చూస్తే నవ్వొస్తుంది.

నా లెక్కలో తేల్చేది ఆదివారం తరగతి. పెద్దవాళ్లు తప్పేది తెలివి చాలక కాదు, చేయి సాగక. ఏళ్ల తరబడి సంతకం తప్ప ఏమీ రాయని మనిషి మూడు గంటలు కూర్చుని రాయాలి. మొదటి పేజీ నిండేసరికి వేళ్లు పట్టేస్తాయి, అక్షరాలు గీత దిగిపోతాయి, జవాబు తెలిసినా సగంలో ఆగిపోతుంది. ఇంట్లో పుస్తకం ఎంత చదివినా ఆ చేయి తిరగదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోబెట్టి, గడియారం చూస్తూ రాయించాలి. రాష్ట్ర ఓపెన్ తరగతులు ఎక్కువగా ఊరికి దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే, సెలవు రోజుల్లో జరుగుతాయి. కూలికి వెళ్లేవారికి పని దినం పోదు. అందుకే నా ఓటు అటే.

అయితే బతుకుతెరువుకు భీవండికో సూరత్‌కో వెళ్లి వచ్చే కుటుంబమైతే దేశమంతటా నడిచే ఎన్‌ఐఓఎస్ నయం. సిద్ధమైన సబ్జెక్టును కోరుకున్నప్పుడు రాసే ఏర్పాటు కూడా అక్కడ ఉంది, ఎంపిక చేసిన కేంద్రాల్లోనే అనుకోండి.

గణితం వదిలి గృహ విజ్ఞానం తీసుకోవడం పెద్దవాళ్లకు హాయి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి మాత్రం ఆ సలహా ఇవ్వకండి. రేపు పాలిటెక్నిక్ అంటే గణితం అడుగుతారు.

రెగ్యులర్ పదిలో ఒకటి రెండు సబ్జెక్టులు మాత్రమే మిగిలితే సప్లిమెంటరీ రాసేయండి. అక్షరాలే రానివారు ముందు పెద్దల అక్షరాస్యత కార్యక్రమం ఉల్లాస్‌లో చేరాలి, అయితే దానితో పది సర్టిఫికెట్ రాదు. డబ్బు కడితే పాస్ గ్యారంటీ అనే మధ్యవర్తుల సంగతి మీకు తెలిసిందే.

ఫీజు కట్టే ముందు ఒక ఆదివారం ఆ బడికి వెళ్లి చూడండి. కిందటేడు చేరినవారిని తరగతులు నిజంగా జరిగాయా అని అడగండి. గేటుకు తాళం కనిపిస్తే, దరఖాస్తులో పక్క మండలం కేంద్రాన్ని ఎంచుకోండి.