అమెరికా: లెక్కల్లో బాగు, బిల్లులో బరువు

అమెరికా ఆర్థిక వ్యవస్థ బ్రహ్మాండంగా ఉందనేవాళ్ల దగ్గర గట్టి లెక్కలే ఉన్నాయి. 2023 జనవరిలో నిరుద్యోగం 3.4 శాతం, 1969 తర్వాత అంత తక్కువకు దిగడం అదే మొదటిసారి. 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎగబాకిన ద్రవ్యోల్బణం ఏడాది తిరిగేసరికి 3 శాతానికి వచ్చింది.

కాదనేవాళ్లు సూపర్ మార్కెట్ బిల్లు చూపిస్తారు. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు దిగినట్టు కాదు కదా, పెరిగే వేగం తగ్గిందంతే. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటింది (బర్డ్ ఫ్లూ పాపం కూడా ఉందనుకోండి). ఇంటి సంగతి మరీనూ. 3 లక్షల డాలర్ల అప్పు 30 ఏళ్లకు 3 శాతం వడ్డీతో 2021లో తీసుకున్నాయన నెలకు 1,265 డాలర్లు కడుతుంటే, 2023లో 7 శాతానికి తీసుకున్న పక్కింటాయనకు దాదాపు 2,000 పడుతోంది. అదే వీధి, అదే అప్పు.

షేర్ మార్కెట్ పెరిగిందంటారా, ఆ షేర్లలో సుమారు 90 శాతం సంపన్నులైన పది శాతం కుటుంబాలవే.

నా మొగ్గు రెండో వైపే. అయితే 2010లో, నిరుద్యోగం 10 శాతానికి దగ్గరగా ఉన్న రోజుల్లో, రెజ్యూమె పట్టుకుని తిరిగినవాళ్లు మొదటి వాదనను అంత తేలిగ్గా కొట్టిపారేయరు.