లయబిలిటీ పాలసీ: నష్టం తేదీ చూసేదా, క్లెయిమ్ తేదీ చూసేదా?

లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఆ పరిహారం భరించే బీమా) తీసుకునేటప్పుడు ప్రీమియం ఎంత, లిమిట్ ఎంత అని అందరూ అడుగుతారు. అకరెన్స్ పాలసీయా, క్లెయిమ్స్ మేడ్ పాలసీయా అని అడిగేవాళ్లు తక్కువ. తర్వాత పేచీ వచ్చేది అక్కడే.

అకరెన్స్ పాలసీకి నష్టం జరిగిన తేదీ ముఖ్యం. 2022లో మీ షాపులో తడి నేల మీద కస్టమర్ జారిపడి, 2024లో కేసు వేస్తే 2022 పాలసీయే చూసుకుంటుంది, ఈలోపు మీరు రెన్యూ చేయకపోయినా సరే. ప్రీమియం సాధారణంగా కాస్త ఎక్కువ.

క్లెయిమ్స్ మేడ్ లెక్క వేరు. క్లెయిమ్ వచ్చిన రోజున పాలసీ అమల్లో ఉండాలి, పొరపాటు రెట్రోయాక్టివ్ డేట్ (ఏ తేదీ నుంచి చేసిన పనులకు రక్షణ ఉంటుందో పాలసీలో రాసే తేదీ) తర్వాత జరిగి ఉండాలి. ఆడిటర్లు, ఆర్కిటెక్టులు, సాఫ్ట్‌వేర్ సంస్థలు తీసుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (వృత్తిలో జరిగే పొరపాట్లకు లయబిలిటీ పాలసీ) ఎక్కువగా ఈ రకమే. మొదటి ఏడాది చవగ్గా కనిపిస్తుంది, తర్వాత కొన్నేళ్లు పెరుగుతూ పోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ మారేటప్పుడు కొత్త పాలసీలోనూ పాత రెట్రోయాక్టివ్ డేటే రాయించుకోవాలి. అది ముందుకు జరిగిందా, అంతకుముందు చేసిన పనులన్నిటికీ రక్షణ పోయినట్టే. వ్యాపారం మూసేస్తే టెయిల్ కవర్ (పాత పనుల మీద పాలసీ ముగిశాక వచ్చే క్లెయిములకు రక్షణ) విడిగా కొనాలి, దాని రేటు వింటే గుండె గుభేలుమంటుంది.

రెండూ దొరికితే నా ఓటు అకరెన్స్‌కే. సలహాలిచ్చే వృత్తుల వాళ్లకు ఆ ఛాయిస్ దాదాపు ఉండదు కాబట్టి, వాళ్లు రెన్యూవల్‌లో ఒక్కరోజు కూడా గ్యాప్ రానివ్వకూడదు.