పెనం మీద పదిహేను సెకన్లు: నాలుగేళ్లుగా చేస్తున్న ఎంచిలాడా సాస్

మా ఇంట్లో నెలకు రెండుసార్లయినా ఎంచిలాడాలు ఉంటాయి. మొక్కజొన్న రొట్టెల్లో కూరో జున్నో పెట్టి చుట్టి, పైన మిర్చి సాస్ పోసే మెక్సికన్ వంటకం అది. నాలుగేళ్లుగా సాస్ ఇంట్లోనే చేస్తున్నాను. ఉల్లిపాయ ఎంత, వెల్లుల్లి ఎన్ని రెబ్బలు అన్నది ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఆ జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఎండుమిర్చి వేయించడం గురించే. ఈ సాస్ బాగుపడేదీ పాడయ్యేదీ అక్కడే. ఉప్పు తగ్గినా, పలచబడినా దిద్దుకోవచ్చు. మిర్చి మాడితే మాత్రం ఇక చేసేదేమీ ఉండదు.

మేముండేది అమెరికాలో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. ఇక్కడ మెక్సికన్ కొట్లలో ఎండుమిర్చి మన దగ్గరలాగే గుట్టలుగా పోసి తూకానికి అమ్ముతారు. ఎర్ర సాస్‌కి నేను రెండు రకాలు వాడతాను. గ్వాహీయో పొడుగ్గా, నున్నగా, ముదురెరుపులో మెరుస్తూ ఉంటుంది. ఆంచో అంటే పొబ్లానో అనే పెద్ద మెక్సికన్ మిరపకాయను పండాక ఎండబెట్టింది. వెడల్పుగా, ముడతలు పడి నల్లగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుద్రాక్ష వాసన వస్తుంది. పన్నెండు ఎంచిలాడాలకు ఎనిమిది గ్వాహీయో, మూడు ఆంచో నా లెక్క. వీటిలో మన కారం వెతికితే దొరకదు. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో గ్వాహీయో 2,500 నుంచి 5,000 వరకు ఉంటే, మన గుంటూరు సన్నం 30,000 పైమాటే. మొదటిసారి మావారు రుచి చూసి "ఇందులో కారమేది?" అన్నారు. ఇప్పుడు గిన్నెలో అడుగున మిగిలింది అన్నంలో కలుపుకునేది ఆయనే. కారం పక్కన పెడితే మిరపకాయకి ఇంత రుచి ఉంటుందని, ఇంత తీపి, ఇంత పులుపు ఉంటాయని నాకు ఈ సాస్ చేశాకే తెలిసింది.

ఇక ఆ రోజు సంగతి. రెండో ఏడు మా అబ్బాయి పుట్టినరోజుకి పద్నాలుగు మందిని పిలిచాం. మూడింతల సాస్ కావాలి, అంటే ముప్ఫైకి పైగా కాయలు. అన్నీ ఒకేసారి దోశె పెనం మీద పోసి మన పద్ధతిలోనే వేయించాను. గోంగూర పచ్చడికి మిర్చి వేయించేటప్పుడు మనం ఏం చూస్తాం? కాయ ఉబ్బాలి, రంగు మారాలి, చల్లారాక గలగలమనాలి. అలాగే గరిటెతో తిప్పుతూ, మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడుతూ వేయించాను. ఇంట్లో అందరూ దగ్గుతుంటే మంచి గుర్తే అనుకున్నాను. కాయల మీద అక్కడక్కడా నల్ల మచ్చలు కనిపించినా పట్టించుకోలేదు.

నానబెట్టి, రుబ్బి చూస్తే సాస్ ఎర్రగా లేదు, కాఫీ రంగులో ఉంది. నాలుక మీద పెట్టుకుంటే మొదట ఏమీ తెలియలేదు. మింగాక గొంతు వెనక చేదు పట్టుకుంది, నీళ్లు తాగినా పోలేదు. బెల్లం వేశాను. తీపి తీపిగానే తెలిసింది, చేదు చేదుగానే తెలిసింది. టమాటాలు వేసి ఉడికించాను, క్రీమ్ కలిపాను. రంగు వెలిసింది తప్ప చేదు కదల్లేదు. గంటన్నర పోయింది, అతిథులు వచ్చే వేళైంది. మొత్తం పారబోసి కొట్టు నుంచి డబ్బా సాస్ తెప్పించాం. పిల్లలు హాయిగా తిన్నారు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా పక్కింటి పెద్దావిడ మెక్సికోలోని శాన్ లూయిస్ పొతోసీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మర్నాడు ఆవిడతో చెప్పుకుంటే ఏమీ అనకుండా తన వంటింట్లోకి తీసుకెళ్లి పొయ్యి మీద కొమాల్ పెట్టారు. అది వాళ్ల పెనం. ఒక గ్వాహీయో తీసి తడిగుడ్డతో తుడిచారు. కత్తెరతో నిలువునా కోసి, గింజలు దులిపి, కాయను చదునుగా విప్పారు. లోపలి వైపు కిందకి వచ్చేలా పెనం మీద పరిచి, వేళ్లతో అదిమి పట్టుకుని స్పానిష్‌లో ఏడు దాకా లెక్కపెట్టారు. ఎత్తి చూపిస్తే లోపలి ఎరుపు కొంచెం పాలిపోయి పొగాకు రంగుకి తిరిగింది. తిరగేసి మళ్లీ ఏడు. అంతే, పళ్లెంలోకి తీసేశారు. తర్వాత ఇంకొకటి. "తియ్యటి వాసన వచ్చిందా, తీసెయ్ మిహా. దగ్గు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు" అన్నారు. మిహా అంటే అమ్మాయీ అని.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. ఇవి కండ ఉన్న, తీపి ఉన్న కాయలు. సన్నటి మన కాయలా గలగలమనేదాకా పెనం మీద ఉంచితే లోపలి తీపి మాడి చేదెక్కుతుంది. పైగా మన పచ్చడిలో చింతపండు ఉంటుంది, మెంతులు ఆవాలు ఉంటాయి, కాయ కాస్త నల్లబడినా సర్దుకుపోతుంది. ఇందులో మిర్చే సాస్. దాని తప్పును కప్పేది ఇంకేమీ లేదు. ఆ రోజు నుంచి నేను పదిహేను సెకన్లు దాటనివ్వలేదు, ఫోన్ పక్క గదిలో పెట్టి మరీ వేయిస్తాను.

అయితే ఆ రోజు కాయల్లో కూడా లోపం ఉందేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఆ పొట్లం కొన్న కొట్టులో సరుకు పాతది, వంచితే అప్పడంలా విరిగింది. మంచి కాయ తోలులా వంగాలి. ఇప్పుడు వంచి చూడకుండా కొనను.

మొదట్లో స్నేహితులందరికీ చెప్పాను, మంచి మిక్సీ ఉంటే వడకట్టక్కర్లేదని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గ్వాహీయో తొక్క ఎంత తిప్పినా పూర్తిగా మెదగదు, గొంతులో అడ్డం పడుతుంది. జల్లెడలో గరిటెతో నొక్కి వడకట్టాల్సిందే. రుబ్బేటప్పుడు మిర్చి నానబెట్టిన నీళ్లన్నీ అందులోనే పోసేయమని కూడా చెప్పాను. ఇప్పుడైతే ఒక చుక్క నాలుక మీద వేసుకుని, చేదుంటే పారబోసి వేరే నీళ్లు పోస్తాను.

వడకట్టిన సాస్‌ని కాగిన నూనెలో పోసి ఇగరబెట్టడం మాత్రం మనకు కొత్త కాదు. వాళ్లు పంది కొవ్వులో చేస్తారు, నేను వేరుశనగ నూనె వాడతాను. పది నిమిషాల్లో పచ్చివాసన పోయి, ఇటుక రంగు ముదిరి, అంచుల్లో ఎర్రటి నూనె తేలుతుంది. మిర్చి ఎరుపు నూనెలో కరుగుతుంది కాబట్టే ఆ మెరుపు. ఇందులో వేసే ఎండు ఆకు మెక్సికన్ ఒరెగానో దొరక్క ఒకసారి చిటికెడు వాము నలిపి వేశాను. వాసన దగ్గరగానే వచ్చింది, కానీ ఆ చిటికెడు దాటితే సాస్ అంతా వామే.

మీరూ చేసుకోవాలా అంటే, అది మీరుండే చోటును బట్టి. నాకు నడిచివెళ్లే దూరంలో తాజా కాయలు దొరుకుతాయి, శనివారం ఓ గంట తీరిక ఉంటుంది. అయినా పని ఎక్కువైన వారాల కోసం అలమారలో రెండు సాస్ డబ్బాలు ఇప్పటికీ ఉంచుకుంటాను. రెండేళ్ల కిందట విజయవాడలో అమ్మకు బ్యాడిగి మిర్చితో చేసిపెట్టాను. రంగు దీనికన్నా బాగా వచ్చింది. అమ్మకు నచ్చింది కూడా. కానీ కాయలో కండ లేక పలచగా ఉండిపోయింది, ఆ ఎండుద్రాక్ష తీపి రాలేదు. అందుకే అక్కడివాళ్లకు గట్టిగా చెప్పలేను.

పక్కింటావిడ ఊళ్లో అసలు సాస్ ఇలా పైన పోయరట. మిర్చి ముద్దను మొక్కజొన్న పిండిలోనే కలిపేసి, జున్ను పెట్టి మడిచి వేయిస్తారు. అయినా నేను చేసినప్పుడల్లా ఓ చిన్న గిన్నెడు పంపిస్తాను. పోయిన శనివారం ఆవిడ గడప దగ్గరే మూత తీసి, అంచు మీది సాస్ వేలితో తీసుకుని రుచి చూశారు. ఉప్పు కొంచెం పడాలన్నారు. చేదు మాట ఎత్తలేదు.