దోర స్ట్రాబెర్రీనా, పూర్తిగా ఎర్రబడ్డదా?

చలికాలంలో బండ్ల మీద స్ట్రాబెర్రీ డబ్బాలు కనిపించగానే నాకు ఈ ప్రశ్న మొదలవుతుంది: "తొడిమ దగ్గర తెల్లగా ఉన్నవి కొంటే రెండ్రోజుల్లో పండుతాయి కదా?" ఈసారి రెండు రకాలూ కొనేసి చూశాను.

మెహిదీపట్నంలో ఒక బండి దగ్గర తీసుకున్నాను. ఒక డబ్బాలో పైభాగం తెల్లగా ఉన్నవి, ఇంకోదాంట్లో తొడిమ దాకా ఎర్రబడ్డవి. "తెల్లవి రెండ్రోజులుంటే ఎర్రగైతయమ్మా" అన్నాడు బండి అతను. అబద్ధమేం కాదు. వంటింటి గట్టు మీద పెడితే రెండో రోజుకి తెలుపు చాలావరకు పోయింది. కొరికితే మాత్రం అదే పులుపు, అదే చప్పదనం.

తేడా అంతా ఇక్కడే. మామిడికాయల్ని గడ్డిలో, బియ్యంలో మాగబెడతాం. వాటిలో నిల్వ ఉన్న పిండిపదార్థం కోశాక కూడా చక్కెరగా మారుతుంది. స్ట్రాబెర్రీకి ఆ నిల్వ దాదాపు ఉండదు. చక్కెర ఆకుల నుంచి రావాల్సిందే, కోసేశాక ఇక రాదు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు మాత్రం కోశాక కూడా తయారవుతూనే ఉంటాయి. అందుకే డబ్బాలో రంగు వస్తుంది, తీపి రాదు. ద్రాక్ష కూడా ఇంతే, మాగబెట్టి లాభం లేదు.

పోషకాల సంగతికొస్తే, పండిన స్ట్రాబెర్రీలో 100 గ్రాములకు సుమారు 60 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. మొక్క మీద పండేకొద్దీ ఇది సాధారణంగా పెరుగుతుంది. దోరవాటిని తీసిపారేయక్కర్లేదు, వగరునిచ్చే టానిన్లు వాటిలోనే ఎక్కువ. కానీ ఆ వగరు కోసం ఎవరు స్ట్రాబెర్రీ కొంటారు చెప్పండి? విటమిన్ సి ఒక్కటే కావాలంటే జామకాయ కొనుక్కోండి, చవక, పైగా అందులో ఇంతకు మూడింతలకు పైనే ఉంటుంది.

కాబట్టి నా ఓటు ఎర్రవాటికే. కానీ ఒక చిక్కుంది. మనకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం మహారాష్ట్రలోని మహాబలేశ్వర్, పంచగని వైపుది. బాగా పండాక కోస్తే దారిలోనే చితికిపోతుంది కనుక, దూరం పంపేవాటిని ముప్పాతిక రంగు రాగానే కోసేస్తారు. అంటే హైదరాబాద్‌లో ఎర్రగా కనిపించేవన్నీ మొక్క మీద ఎర్రబడ్డవి కావు. నేను రంగు చూడడం మానేసి, డబ్బా కన్నాల దగ్గర ముక్కు పెడుతున్నాను. చివరి రోజులు మొక్క మీదే గడిపిన పండుకి ఉండే వాసన డబ్బాలో ఎర్రబడ్డదానికి రాదు. "పూలు కాదమ్మా అవి" అని నవ్వాడు బండి అతను. మూడో డబ్బా దగ్గర ఆగాను. లంబసింగి వెళ్తే మాత్రం తోటలో అప్పుడే కోసింది ఒకటి తిని చూడండి, నేనేమంటున్నానో తెలుస్తుంది.

ముదురు ఎరుపెక్కి మెత్తబడ్డవి ఆ రోజే మిల్క్‌షేక్‌లోకి. బూజు కనిపిస్తే పారేయండి. ఫ్రోజెన్‌వి కూడా మిల్క్‌షేక్‌కే.

ఎర్రవి కొన్నరోజో మర్నాడో తినేయాలి. కడిగి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తినేముందు తొడిమతోనే కడగండి. దోరవి ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఆగుతాయి, అదొక్కటే వాటి ప్లస్. నా దగ్గర మిగిలిన డబ్బాకి పంచదార పోసి జామ్ చేశాను. దోరవాటిలో పులుపూ, జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ బాగానే ఉంటాయేమో, తొందరగానే గట్టిపడింది.