కోడిగుడ్డు చైన్‌వీల్‌తో ఏడేళ్ళు

సైకిల్ రిపేరుకిచ్చి, పక్క కొట్లో టీ తాగి వచ్చేసరికి మెకానిక్ సుత్తి పట్టుకుని కూర్చున్నాడు. "చైన్‌వీల్ బాగా వంకరపోయిందండీ. రెండు దెబ్బలేశా, అయినా లైన్లోకి రావట్లా" అన్నాడు. వంకర పోలేదయ్యా, పుట్టుకే అంత అంటే నమ్మలేదు. పెడల్ చేత్తో తిప్పి, "చూడండి, చైను పైకీ కిందకీ ఎట్లా ఊగుతోందో" అని నాకే చూపించాడు. నిజమే, ఊగుతుంది. ఊగాలి కూడా. ఆ రెండు దెబ్బల సొట్టలు పెద్ద చైన్‌వీల్ మీద ఇప్పటికీ ఉన్నాయి.

సైకిల్ పానాసోనిక్. టీవీలు చేసే కంపెనీయేనా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. అదే. జపాన్‌లో వాళ్ళు సైకిళ్ళు కూడా చేస్తారు. మా బాబాయి మర్చంట్ నేవీలో పనిచేసేవాడు, 1989లో ఓడ దిగుతూ దీన్ని వెంట తెచ్చుకున్నాడు. స్టీలు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, వెనక ఆరు గేర్లు, ముందు మూడు చైన్‌వీళ్ళు: 48, 38, 28 పళ్ళవి. బాబాయి మోకాళ్ళు మొరాయించాక మెట్ల కింద పదిహేనేళ్ళు దుమ్ము కొట్టుకుపోయింది. 2018 వేసవిలో అడిగితే "తీసుకుపోరా, చోటన్నా ఖాళీ అవుద్ది" అన్నాడు. 26 అంగుళాల టైర్లు ఇక్కడ ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి కాబట్టి బతికిపోయింది. వేరే సైజైతే ఈపాటికి పాత ఇనుము బండెక్కేది.

ఆ మూడు చైన్‌వీళ్ళూ గుండ్రంగా ఉండవు. మీద 'బయోపేస్' అని చెక్కి ఉంటుంది. సైకిల్ గేర్లు చేసే జపాన్ కంపెనీ షిమానో 1980లలో తెచ్చిన రకం ఇది. కొన్నాళ్ళు ఎక్కడ చూసినా ఇదే, 1990ల మొదట్లో కనుమరుగైంది. 2012లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్, మరుసటి ఏడాది గెలిచిన క్రిస్ ఫ్రూమ్ కూడా గుండ్రం కాని చైన్‌వీళ్ళే వాడారు కదా, అది ఇదేనా అని ఒక కుర్రాడు అడిగాడు. కాదు. చూడ్డానికి రెండూ గుడ్డులాగే ఉంటాయి గానీ పనిచేసే తీరు పూర్తిగా తిరగబడి ఉంటుంది.

పెడల్ తొక్కేటప్పుడు ఒక కాలు నిట్టనిలువుగా పైన, రెండోది కింద ఉండే చోట బలం ఏమీ పడదు. క్రాంకులు, అంటే పెడళ్ళు బిగించిన చేతులు, అడ్డంగా ఉన్నప్పుడే అసలు బలమంతా. ఇప్పటి ఓవల్ చైన్‌వీళ్ళలో, బలం పడే ఆ చోటికి పెద్ద భాగం వచ్చేట్టు బిగిస్తారు. బలం లేని చోటికి చిన్న భాగం వస్తుంది, కాలు అక్కణ్ణుంచి త్వరగా బయటపడుతుంది. బయోపేస్‌లో దీనికి సరిగ్గా ఎదురు. కాలు కిందికి నొక్కేటప్పుడు చిన్న భాగం వస్తుంది కాబట్టి పెడల్ తేలిగ్గా, వేగంగా దిగుతుంది. ఆ ఊపు మీదే కాలు పైనా కిందా ఉన్న బలంలేని చోటు దాటాలని వాళ్ళ లెక్క. రెండు లెక్కల్లోనూ ఒక చుట్టుకి సైకిల్ వెళ్ళే దూరం మాత్రం మారదు. ఏ ఆకారంలో ఉన్నా 38 పళ్ళంటే 38 పళ్ళే.

నేనుండేది విజయవాడ సింగ్‌నగర్, ఆఫీసు గవర్నర్‌పేట. రోజూ ఫ్లైఓవర్ ఎక్కి దిగాలి. ఆదివారం పొద్దున్నే బ్యారేజీ దాటి కరకట్ట మీద ఉండవల్లి దాకా. ఎప్పుడన్నా ఒళ్ళు బద్ధకించకపోతే కొండపల్లి ఖిల్లా. ఈ ఏడేళ్ళలో ఇరవై వేల కిలోమీటర్లు దాటింది.

బయోపేస్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మొదటి రోజు అరగంట ఏదో తేడాగా అనిపించింది. ఒక కాలు కొంచెం పొట్టిదైపోయిందా అన్నట్టు. రెండో రోజుకి మర్చిపోయాను. నిమిషానికి అరవై, డెబ్భై చుట్లతో నిదానంగా తొక్కేవాడికి హాయిగానే ఉంటుంది. కరకట్ట మీద వెనక గాలి తోడై, కాళ్ళు గబగబా తిప్పబోతే మాత్రం సీటు మీద ఎగిరెగిరి పడతాం. ఎండాకాలం మధ్యాహ్నం బ్యారేజీ మీద ఎదురుగాలి కొట్టిందంటే గుడ్డూ లేదు గుండ్రమూ లేదు, అన్నీ ఒకటే నరకం.

లాక్‌డౌన్‌లో పనిలేక దాన్ని తిప్పి బిగించాను. క్రాంక్‌కి ఐదు బోల్టులు. ఒక బోల్టు జరిపితే 72 డిగ్రీలు తిరుగుతుంది. బయోపేస్‌ని ఇప్పటి ఓవల్ దారికి తేవాలంటే 90 తిప్పాలి, ఐదు బోల్టులతో అది కుదరదు. సర్లే, 18 డిగ్రీల తేడాకి ఏమవుద్దిలే అనుకున్నా. ఫ్లైఓవర్ ఎక్కడం నిజంగానే తేలికైంది. అయితే పెద్ద చైన్‌వీల్‌కి బయటివైపు చిన్న మేకులాంటిది ఉంటుంది, క్రాంక్ వెనక దాక్కుని. చైను జారి బయట పడితే క్రాంక్‌కీ చైన్‌వీల్‌కీ మధ్య ఇరుక్కోకుండా అడ్డుకోవడం దాని పని. చైన్‌వీల్ తిప్పితే ఆ మేకు కూడా పక్కకి పోతుంది. ఈ సంగతి బ్యారేజీ మధ్యలో తెలిసింది. చైను పోయి ఇరుక్కుంది, ముందుకీ రాదు, వెనక్కీ రాదు. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యడు. సైకిల్ ఎత్తి పిట్టగోడ పక్కన పెట్టుకుని, నల్లటి చేతులతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాను.

2021 నాటికి మధ్య చైన్‌వీల్ పళ్ళు రంపంలా ఒక పక్కకి వాలిపోయాయి. ఇప్పుడది మా వంటింట్లో ఉంది, మా ఆవిడ దానిమీద వేడి గిన్నెలు దింపుతుంది. దాని బదులు మామూలు గుండ్రం 38 వేయించి ఏడాది తొక్కాను. అదీ ఒకందుకు మంచిదే అయింది, పోల్చుకోవడానికి ఒకటి దొరికింది. మా మేనకోడలు అమెరికా నుంచి వస్తుంటే ఇప్పటి రకం ఓవల్ 38 తెప్పించుకున్నాను. మన డబ్బుల్లో 5 వేల దాకా అయింది. పాత సైకిల్ మొత్తానికి అంత రాదని ఇంట్లో ఒక మాట పడ్డాను.

తేడా ఎక్కడ తెలిసిందంటే, మంచినీళ్ళ డబ్బాతో. 20 లీటర్ల డబ్బా క్యారియర్‌కి కట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గుండ్రం చైన్‌వీల్‌తో ప్రతి చుట్టుకీ ఒకచోట సైకిల్ ఆగి మళ్ళీ కదిలినట్టుండేది. ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకునేది. ఓవల్‌తో ఆ ఆగడం చాలావరకు పోయింది. వెనక అదే గేరు, అదే డబ్బా, అవే కాళ్ళు. పైకి చేరేసరికి ఆయాసం మాత్రం అంతే ఉంది. కొండపల్లి ఎక్కేటప్పుడూ అదే సంగతి: నిదానంగా, బరువుగా తొక్కే చోట పనికొస్తుంది. గంటకి ఎన్ని కిలోమీటర్లు పెరిగిందని అడగొద్దు. ఏమీ పెరగలేదు. మోకాళ్ళ నొప్పి తగ్గుతుందా అనీ అడుగుతారు. నా ఎడమ మోకాలు కొంచెం నెమ్మదించింది. అయితే అదే రోజుల్లో సీటు అంగుళం పైకి లేపాను, కాబట్టి మార్కులు ఎవరికి వేయాలో నాకే తెలీదు.

బిగించడంలో తలనొప్పి అంతా ముందు గేరుతోనే. చైనుని ఒక చైన్‌వీల్ మీంచి ఇంకోదాని మీదకి నెట్టే రేకు ఎత్తు చూసుకోవాలి. పెద్ద చైన్‌వీల్ ఎత్తైన భాగం ఆ రేకు కిందకి వచ్చేట్టు పెడల్ తిప్పి పెట్టి, అక్కడ రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. మామూలు చోట చూసి బిగిస్తే ఎత్తు భాగం వచ్చినప్పుడల్లా కరకరమంటూ గీసుకుంటుంది. ఇక్కడే పాత సైకిల్ లాభం. నా గేరు లీవర్లకి టకటకమని పడే మెట్లు అక్కర్లేదు, ఫ్రిక్షన్‌లో, అంటే ఎక్కడ వదిలితే అక్కడ నిలిచేట్టు, పెట్టుకోవచ్చు. చప్పుడొస్తే బొటనవేలితో వెంట్రుకవాసి జరిపితే సరి.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకోటుంది. కొత్త ఓవల్ 38 పక్కన పాత బయోపేస్ 48ని దాని అసలు స్థానంలో ఉంచేశాను. ఒకటి ఉబ్బిన చోట రెండోది నొక్కుకుపోయి ఉంటుంది కదా. రెంటికీ మధ్య ఎత్తు ప్రతి చుట్టులో మారిపోతుంటే చైనుకి ఎటు ఎక్కాలో తెలియదు. వారం రోజులు రోజుకోసారి చైను ఊడింది. చివరికి లాక్‌డౌన్ ప్రయోగమే అక్కరకొచ్చింది: 48ని మళ్ళీ ఒక బోల్టు తిప్పి బిగించాను. రెండూ దాదాపు ఒకే దిక్కుకి తిరిగాయి. మేకు మళ్ళీ చోటు తప్పింది కాబట్టి చైను బయటికి పోకుండా ముందు గేరు రేకు హద్దు స్క్రూ అర చుట్టు బిగించాను. మూడేళ్ళలో ఒక్కసారి ఊడింది, అదీ గుంతలో పడ్డప్పుడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మిగతా సామానుతో పాటు సైకిలూ రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. చైను, ఫ్రీవీల్ పారేశాను. పెడళ్ళ దగ్గర ఇరుసు విప్పితే గ్రీజుకి బదులు బురద ముద్ద వచ్చింది. బాల్స్ మార్చి, కిరసనాయిలు దొరక్క డీజిల్‌తో కడిగాను. అల్యూమినియం చైన్‌వీళ్ళకి మాత్రం గుడ్డతో తుడిచేంత మట్టి తప్ప ఏమీ కాలేదు. 28 పళ్ళది స్టీలుది, దానికి తుప్పు పట్టింది. కొండపల్లికి తప్ప దాన్ని వాడను కాబట్టి అలాగే ఉంచాను.

మన మామూలు అట్లాస్, హీరో సైకిళ్ళకి పడుతుందా అని అడిగేవాళ్ళకి: నేరుగా పట్టదు. వాటి చైన్‌వీల్ కుడి క్రాంక్‌తో కలిపి బిగించేసి వస్తుంది, విడిగా ఊడదు. చైను కూడా వెడల్పు రకం. క్రాంకులు, ఇరుసు, చైను అన్నీ మార్చుకోవాలి, ఆ ఖర్చుకి ఇంకో సైకిల్ వస్తుంది. బోల్టులతో ఊడే చైన్‌వీల్ ఉన్న పాత గేర్ల సైకిలైతే ముందు బోల్టులెన్నో లెక్కపెట్టుకోండి, పక్కపక్క బోల్టుల దూరం కాదు, బోల్టులన్నీ కూర్చున్న వలయం వ్యాసం ఎంతో కొలుచుకోండి. నా దాంట్లో పెద్దవి రెంటికీ 110 మిల్లీమీటర్లు, చిన్నదానికి 74. వ్యాసం ఒక్క మిల్లీమీటరు తప్పినా ఆ 5 వేల సరుకు కూడా వంటింట్లోకే.